ఒక్క తీరు బియ్యం

పూలి తెచ్చిన బియ్యం మూటను ఆమోసు పాస్టరు గడప బయటే ఆపేశాడు.

మూట విప్పనివ్వలేదు. అవి ఎలాంటి బియ్యమో చూడను కూడా చూడలేదు.

"సారా కాసే చేతి బియ్యం ప్రభువు ఇంట్లోకి రావమ్మా," అన్నాడు.

పూలి నొచ్చుకున్నట్టు కనబడలేదు. లోపల చీర ఉయ్యాలలో నెలల పిల్ల ఏడుస్తుంటే ఒకసారి తొంగి చూసింది. మూట చంకన పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

దమ్మపేట అవతల, అడవి అంచున ఉన్న ఆ గూడేనికి ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ సరిగా తెలియదు. నా అన్నవాళ్ళు లేరు. ఊరి చివర గుడిసె, గుడిసె వెనక పొయ్యి, పొయ్యి మీద ఇప్పసారా కుండ. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో కూలి చేసి వచ్చేవాళ్ళు సాయంత్రం అక్కడే ఆగేవారు. ఇక ఆమె పేరెత్తితే పాస్టరుకు ఒళ్ళు మండదా మరి!

ఆమోసు ఖమ్మం నుంచి వచ్చినవాడు. చదువుకున్నవాడు, మాట మెత్తన, మనిషీ మంచివాడే. కాకపోతే ఎవరు మంచివాళ్ళో తనకు బాగా తెలుసనుకునేవాడు. వచ్చిన చిక్కల్లా అదే.

జీతం భత్యం లేని సేవ. సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోసేముందు గుప్పెడు బియ్యం పక్కకు తీసి, ఆదివారం మందిరంలో కానుక గంపలో పోసేది. పాస్టరు ఇల్లు ఆ గుప్పెళ్ళ మీదే గడిచేది. ఒకరివి సన్నవి, ఒకరివి దొడ్డువి, ఒకరివి నూకలు. అన్నీ కలిపి వండలేక ఆయన భార్య సలోమి తిప్పలు పడేది.

అది రెండువేల మూడు. అంతకుముందు ఏడు వానలు మొహం చాటేశాయి. ఎండలు ముదిరేసరికి గూడెంలో గింజ కనబడటమే గగనమైంది.

అయినా ఆదివారం గంప నిండుతూనే ఉంది. పైగా ఒక వింత. బియ్యమన్నీ ఒక్క తీరుగా, ఎర్ర పొరతో దొడ్డుగా ఉన్నాయి.

ఆమోసు పొంగిపోయాడు. దాని మీదే ప్రసంగం చేశాడు. మన బియ్యం ఒకటైనట్టే మన మనసులూ ఒకటయ్యాయన్నాడు. కరువులో గంప నిండటమే కృప అన్నాడు. కృప అంటే పుచ్చుకునేవాడి అర్హత చూడకుండా దేవుడు ఇచ్చేది అని మరీ మరీ చెప్పాడు.

ఆడవాళ్ళంతా తలలు వంచుకుని విన్నారు. భక్తి అనుకున్నాడు.

పూలి తడిక బయట కూర్చుని విన్నది. ప్రసంగం అయ్యాక ఆయనకు ఎదురొచ్చింది.

"నాకు బాప్తిస్మం ఇయ్యి అయ్యగారు."

"ముందు ఆ సారా కుండ పగలగొట్టు."

"పగలగొడ్త. వానలు పడనియ్యి."

"అప్పటిదాకా ఎందుకు?"

పూలి సలోమి చంకలోని పిల్ల వైపు చూసింది. లాభం మరిగిన చెయ్యి అంత తేలిగ్గా వదులుతుందా అనుకున్నాడు ఆమోసు.

మే నెలలో పూలికి జ్వరం తగులుకుంది. సంఘంలో పెద్దామె ముత్తక్క మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగున వచ్చింది. పూలి మాట పడిపోతోందనీ, ఒక్కసారి వచ్చి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమని అడుగుతోందనీ చెప్పింది.

"కుండ పగలగొట్టిందా?" అన్నాడు ఆమోసు.

"లేదు అయ్యగారు."

"పగలగొట్టాక కబురు పెట్టు. వెంటనే వస్తా."

ముత్తక్క ఏదో చెప్పబోయింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి వెనక్కి తిరిగింది.

పొద్దుగూకేలోపే పూలి పోయింది.

ఆ పూట ఆమోసుకు ముద్ద దిగలేదు. నియమం నియమమే కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం కానుకల పాట పాడారు. గంప ముందుకొచ్చింది. ఎవరూ లేవలేదు.

పాట మళ్ళీ పాడించాడు. అప్పుడూ ఎవరూ లేవలేదు.

"ఏమైందమ్మా? ఒక్కరూ తేలేదా?"

ముత్తక్క లేచి నిలబడింది.

"మా ఇండ్లల్ల బియ్యం ఎన్నడో అయిపోయినయి అయ్యగారు. అడవిల గడ్డలు తవ్వుకొని తింటున్నం."

"మరి ఇన్నాళ్ళూ తెచ్చినవి?"

"పూలి సారా పైసలతోని కొని ఇచ్చినయి. శనివారం వచ్చిందంటే ఇల్లిల్లు తిరిగి మా కొంగుల్ల తలా గుప్పెడు పోసేది. నా చేతివని తెలిస్తే అయ్యగారు ముట్టడు, బాలింత పస్తుంటదని మాతోని ఒట్టు పెట్టించుకున్నది."

ఆమోసు గడప దగ్గర ఆపేసిన బియ్యమే ఇన్నాళ్ళూ తన కంచంలో ఉన్నాయి. వాటిని తింటూనే కృప మీద ప్రసంగం చేశాడు. పక్కన సలోమి పిల్లను గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"పోయేముందైనా ఆ కుండ పగలగొట్టొచ్చు కదా ముత్తక్కా," అన్నాడు ఆమోసు. "నేను వచ్చేవాణ్ణే."

ముత్తక్క కళ్ళు తుడుచుకుంది.

"మీరొస్తరని నేనే పగలగొట్టబోయిన అయ్యగారు. నా చెయ్యి పట్టుకొని ఆపింది. బతికితే మళ్ల పొయ్యి పెట్టాలె, అయ్యగారు రాకుంటే రాకపాయె, ఆ పిల్లకు పాలు ఆగొద్దు అన్నది."