సారంగాపూర్ కింద సముద్రం

"గిది లోపటికి పోయి ఏం జేస్తది సారూ?" రాజవ్వ తన ఎండిన బోరు గొట్టంలోకి తొంగి చూస్తూ అడిగింది.

"భూమికి జ్వరం ఎంతుందో చూస్తుంది అవ్వా. పెద్ద థర్మామీటరన్నమాట." సాగర్ మూరెడు ఉక్కు కడ్డీని సిరిసిల్ల తువ్వాలతో పసిపిల్లను తుడిచినట్టు తుడిచి, గిరక తిప్పుతూ తీగతో లోపలికి దించాడు.

"మా పశువుల డాక్టర్ తాన సూత ఉంటది, పొట్టిది. తోక కింద పెడ్తడు. పొద్దటి సంది అస్త అస్త అంటున్నడు, జాడ లేడు మహానుభావుడు."

సాగర్ వింటేగా! మనిషి సారంగాపూర్ మక్కచేలో ఉన్నాడు గానీ మనసంతా చిలీలో ఉంది. అక్కడ సముద్రం అడుగున ఉన్న నేల పలక మెల్లగా ఖండం కిందికి దూరిపోతూ ఉంటుంది. ఆ పైన లేచిన కొండల్లో భూమి లోపలి వేడి ఎంత పైకొస్తోందో కొలవడానికి హైదరాబాదు ఆఫీసు నుంచి ఒక్కరే వెళ్తారు. సాగరో, జైపాలో. ఏళ్ల తరబడి సాగర్‌కు నిద్రలో కూడా ఆ కొండలే. జగిత్యాల చుట్టుపక్కల రాయి పాతది, చల్లనిది. ఇక్కడ కడ్డీ సరిగా పనిచేస్తే టికెట్ అతనిదే. సాయంత్రానికి పేరు తేల్చేస్తానన్నారు లతా మేడమ్.

"బోరు దగ్గరికి ఎవరినీ రానివ్వకు అవ్వా" అని గట్టిగా చెప్పి, రోడ్డు మీదున్న జీపులోకి వచ్చి కూర్చున్నాడు. కడ్డీ చూపే అంకెలు గాల్లోంచే కంప్యూటర్‌కు వచ్చేస్తాయి. ఇరవై తొమ్మిది డిగ్రీలు. గీత బుద్ధిగా పడుకుని ఉంది. సాగర్ నిశ్చింతగా సద్ది విప్పాడు.

"సార్, గీత లేస్తుంది" అన్నాడు కోరుట్ల డ్రైవర్ ఎహసాన్.

లేవడమా! మెలికలు తిరిగింది, ఎగిరింది, ముప్పై ఎనిమిదిన్నర దగ్గర మొండికేసి నిలబడిపోయింది. సాగర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎహసాన్ భాయ్! ఇది చిలీ కొండల వేడి!"

"చిలీ గీడికెట్ల అచ్చింది సార్? జగిత్యాల బస్సెక్కి అచ్చిందా?"

సాగర్ అప్పటికే ఫోన్ చేశాడు. "మేడమ్! సారంగాపూర్ కింద ముప్పై ఎనిమిదిన్నర!"

"ఎండలో తిరిగావా సాగర్? అక్కడ సముద్రం ఎక్కడుంది, కిందికి దూరడానికి?"

"దూరినట్టే ఉంది మేడమ్. ఎవరికీ తెలియకుండా."

"కడ్డీ పాడైందేమో చూసుకో."

ఆ మాటతో సాగర్‌కు ఒళ్లు మండింది. "నా కడ్డీ అబద్ధం చెప్పదు మేడమ్! చిలీ జైపాల్‌కే ఇచ్చేయండి. నాకు సారంగాపూర్ చాలు!"

"నిజంగానా?"

"ముమ్మాటికీ!"

"సరే, జైపాల్ పేరు పంపించేస్తున్నాను."

ఫోన్ పెట్టేశాక గుండె కలుక్కుమంది. అయినా దులిపేసుకుని చేలోకి పరుగెత్తాడు. వెనకే ఎహసాన్.

రాజవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ కొట్టంలోంచి వచ్చింది. సాగర్ గిరక పట్టుకున్నాడో లేదో, రెండు చుట్లకే కడ్డీ పైకి వచ్చేసింది.

"గింత జల్ది అచ్చింది?" ఎహసాన్ నోరు తెరిచాడు.

"లోపల వేడికి తట్టుకోలేక ఉరికొచ్చింది. అరే, జిడ్డు చూడు! కింద నూనె కూడా ఉంది భాయ్!"

"కొబ్బరి నూనె వాసనస్తుంది సార్."

"భూమి కడుపులో ఏముందో మనకేం తెలుసు!" సాగర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. కడ్డీని రెండు కళ్లకూ అద్దుకున్నాడు. అదీ చాలక చప్పుడయ్యేలా ముద్దు పెట్టుకున్నాడు.

"అయ్యయ్యో!" రాజవ్వ కొంగుతో నోరు మూసుకుంది.

"భయపడకు అవ్వా. ముప్పై ఎనిమిదిన్నర!"

"అంటే జ్వరమున్నట్టా, లేనట్టా?"

"భూమికి జ్వరమేంది అవ్వా, మాటవరసకన్నాను..."

"భూమికి గాదు సారూ, మా బర్రెకు."