ముప్పై ఆరో నంబరు బొటనవేలు

యంత్రం మళ్ళీ ఎర్రదీపం వెలిగించింది. ముద్ర కలవలేదంది.

ముప్పై ఆరో నంబరు కార్డున్న ఆమె బొటనవేలిని కోటుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే. వెనక వరసలో వాళ్ళు ఉసూరుమన్నారు. మూడు వారాలుగా రోజూ ఇదే తంతు.

అది సిరంజీలు ప్యాక్ చేసే కంపెనీ. తలకు టోపీ, మూతికి మాస్కు, మెడ నుంచి మడమల దాకా తెల్లకోటు వేసుకున్నాకే హాజరు యంత్రం దగ్గరికి రావాలి. గ్లోవ్స్ ఆఖర్న. ఎవరి హడావుడి వాళ్ళది. వరసగా పది రోజులు రాకపోతే ఉద్యోగం ఊడినట్టే. జబ్బు చేసిందన్నా వినే నాథుడు లేడు.

యంత్రం కాదన్నా, సూపర్‌వైజరమ్మ దయతలచి ఇన్నాళ్ళూ పుస్తకంలో హాజరు రాస్తూ వచ్చింది. ఇవాళ ఆ పుస్తకం మేనేజరు కంట పడింది. పని మధ్యలో ఇద్దరినీ పిలిపించాడు.

"ఈ వేలు మా దగ్గర చేరినామెది కాదంటోంది యంత్రం. దానికి అబద్ధమాడే అవసరం లేదు కదా?" అన్నాడు.

"దానికి ఒంట్లో బాగోకపోవడమంటే ఏంటో కూడా తెలీదు కదా సార్," అంది ముప్పై ఆరో నంబరు.

మేనేజరు ఎదుట అంత మాట అన్నవాళ్ళు ఇంతవరకు లేరు.

ఆమె ఆసుపత్రి కాగితాలు బల్లమీద పరిచింది. కాగితాల మీద పేరు, కంపెనీ కార్డు మీద పేరు ఒకటో కాదో చూసుకోమంది. తర్వాత చదువుకున్న పాఠం అప్పజెప్పినట్టు జబ్బు సంగతి చెప్పుకొచ్చింది. గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి మందగించింది. దాని హార్మోన్ తగ్గితే చర్మానికీ తిప్పలే. పాత పొర సరిగ్గా రాలదు, కొత్తది సరిగ్గా పెరగదు. చర్మం మొద్దుబారి, ఎండి, పగుళ్ళిస్తుంది. పగుళ్ళు ఎర్రగా వాచి మండుతాయి. అలాంటి వేలికి గీతలెక్కడ మిగులుతాయి? మాత్రలు మొదలుపెట్టారు గానీ చర్మం దారికి రావడానికి నాలుగు నెలలైనా పడుతుందని డాక్టరు రాసిచ్చాడు.

మేనేజరు కాగితాలను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఇది అంటుకునే రోగమా అని నెమ్మదిగా అడిగాడు.

"అంటుకోదు. కావాలంటే చూడండి," అంటూ ఆమె గ్లోవ్ అంచు పట్టుకుని లాగబోయింది.

మేనేజరు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. వద్దంటే వద్దన్నాడు. తుమ్మొస్తే సెలవు పెట్టే రకం ఆయన.

పోనీ కొత్తగా వేలిముద్ర తీసుకుందామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఇవాళ్టి ముద్ర ఎక్కిస్తారు. నాలుగు నెలలకు జబ్బు నయమవుతుంది. అప్పుడు మీ యంత్రం మళ్ళీ కాదంటుంది. మళ్ళీ ఈ పంచాయితీయేనా? జబ్బు చేసిన మనిషి పొట్ట కొడితే మాత్రం ఊరుకోను సార్. లేబరాఫీసు మెట్లెక్కుతాను."

ఆమె కోపంతో బల్ల మీదికి వంగింది. ఆ కోపంలో నటన లేదు. అది మేనేజరుకూ తెలిసింది.

ఆయన సూపర్‌వైజరమ్మ వైపు తిరిగి, పని ఎలా చేస్తోందని అడిగాడు.

"ఇదివరకు కాళ్ళీడ్చుకుంటూ వచ్చేదండీ. నిలబడలేకపోయేది, మాట్లాడితే ఆయాసం. ఈ మూడు వారాల నుంచీ చెయ్యి మహా చురుకు. మాత్రలు బాగానే పట్టినట్టున్నాయి," అందావిడ.

మేనేజరు నిట్టూర్చి కలం తీశాడు. చర్మం నయమయ్యేదాకా ముప్పై ఆరో నంబరు వేలు పెట్టనక్కర్లేదు, పుస్తకంలో సంతకం చేస్తే చాలని రాసిచ్చాడు.

ఆమె థాంక్స్ కూడా చెప్పలేదు. తలెత్తుకుని వెళ్ళి లైనులో నిలబడి, వదిలేసిన డబ్బా దగ్గర్నుంచి పని అందుకుంది.

సాయంత్రం ఇంటికెళ్ళి, మంచం మీదున్న అక్క పగిలిన బొటనవేలికి తన నున్నటి వేళ్ళతో మందు రాస్తూ, "నాలుగు నెలలు గడువిచ్చారక్కా, నిదానంగా కోలుకో, నీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు" అంది.