నా కార్డు మీద మూడో పుస్తకం

తెర మీద బాణం గుర్తు మూడో వరుస దగ్గర ఆగిపోయింది. నా నోరు కూడా.

మా లైబ్రరీకి వచ్చేవాళ్ల కోసం చిన్న చిన్న వీడియోలు చేయడం నా ఉద్యోగం. కంప్యూటర్లో ఎక్కడ నొక్కాలో తెర మీద కనబడుతుంది, వెనక నా గొంతు వినబడుతుంది. ఆ రోజు పాఠం, మన కార్డు మీద ఏ పుస్తకాలున్నాయో చూసుకోవడం ఎలా అని.

వీడియోల కోసం ఇచ్చిన ఉత్తుత్తి కార్డు మీద పుస్తకాలేమీ ఉండవు. బోసిగా ఉంటుందని నా సొంత కార్డే వాడాను.

"చూశారా, ఇవీ మీరు తీసుకున్న పుస్తకాలు" అన్నాను హుషారుగా.

కుట్టుపని పుస్తకం నాదే. డిటెక్టివ్ నవలా నాదే.

మూడోది, 'విడాకులు: అడగాల్సిన నూట ఒక్క ప్రశ్నలు'.

రికార్డింగ్ ఆపేశాను.

నా కార్డు ఇంట్లో టీవీ కింద సొరుగులో ఉంటుంది. పిన్ నంబరు మా పెళ్లిరోజు. మా ఆయనకు తెలియకపోవడమేం?

కౌంటర్లో పెద్దాయనను అడిగాను.

"పది రోజుల కిందట గేటు దగ్గర మెషీన్లో తీసుకున్నారమ్మా. అక్కడ మనిషి ఉండడు కదా. కెమెరాలో చూడాలంటే ఎందుకో రాసివ్వాలి."

ఏమని రాయను? ఆయనిచ్చిన కాగితం ఖాళీగానే తిరిగిచ్చాను.

మూడు రోజులు మా ఆయన మీద నిఘా పెట్టాను.

తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాడన్నమాట.

"అలసిపోయినట్టున్నావ్, కాసేపు పడుకో" అన్నాడు. అబ్బో, ఎంత ప్రేమో!

ఫోన్ మోగితే బాల్కనీలోకి వెళ్లాడు. లోపల సిగ్నల్ రాదని నాకూ తెలుసు. అయినా తలుపు వెనక నిలబడి చెవులు రిక్కించాను. పన్నెండేళ్ల కాపురం. నాతో ఒక్క ముక్క అనకుండా నూట ఒక్క ప్రశ్నలు చదువుకుంటున్నాడా?

అతని బ్యాగు వెతికాను. పరుపు ఎత్తి చూశాను. ఛీ, ఇదేం బతుకు అనిపించింది.

నాలుగో రోజు ఉతికిన దుప్పట్లు ఇద్దామని అత్తయ్య గదిలోకి వెళ్లాను.

కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటోంది. నన్ను చూసి పుస్తకం దిండు కిందికి తోయబోయింది. అట్ట కనబడనే కనబడింది.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు చేసిన మనిషి.

ముందు హమ్మయ్య అనుకున్నాను. వెంటనే సిగ్గేసింది.

"నీ కార్డు తీశాను, ఏమనుకోకు" అంది. "నీ వీడియోలు చూసే నేర్చుకున్నా. ఎవర్నీ అడగక్కర్లేకుండా చక్కగా చెప్పావమ్మా."

దుప్పట్లు మంచం మీద పెట్టి పక్కన కూర్చున్నాను.

"ఎంతవరకు వచ్చారత్తయ్యా?"

"అరవై రెండో ప్రశ్న. గడువేమో రేపటితో సరి."

ఫోన్ తీసి ఇంకో పదిహేను రోజులు పొడిగించాను.

హాల్లోంచి మామయ్య కేక.

"ఏమేవ్! నా కళ్లద్దాలు ఎక్కడ తగలేశావ్?"

అత్తయ్య లేవబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"మీరే వెతుక్కోండి మామయ్యా" అన్నాను, హాల్లోకి వినబడేలా.