వేడెక్కే ప్రాసెసర్

"అది అమ్మను," అన్నాడు ఫెర్గస్ మెక్లీష్, రెండు చేతులూ కౌంటరు మీద ఆనించి. "పైనుంచి దించమని అడగకు. దించను."

"షాపులో పెట్టారు కదా. అమ్మనిదాన్ని ఎందుకు పెట్టినట్టు?" అంది హినేవాయ్. బ్లఫ్ రేవులో ఆయిస్టర్ గుల్లలు ఒలిచే పని దిగి తిన్నగా వచ్చినట్టుంది, కాళ్లకి రబ్బరు బూట్లు అలాగే ఉన్నాయి. బయట, న్యూజీలాండ్ దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ వీధిలో, నడి చలికాలపు జూలై వాన మంచుపలుకులతో కలిసి కురుస్తోంది.

ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చెయ్యడంలో, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి పరుగెత్తించడంలో, దక్షిణ ద్వీపం మొత్తంమీద ఫెర్గస్‌ని మించినవాడు లేడు. పోటీల్లో గెలిచిన కప్పులు అతని తలవెనక అరలో మెరుస్తుంటాయి. ఈ అమ్మాయి ఓవర్‌క్లాకింగ్‌కి పనికొచ్చేది కావాలని అడిగేసరికి ముచ్చటపడి మంచివి మూడు తీసి ముందు పెట్టాడు. ఆమె ప్రతిదానికీ ఒకటే ప్రశ్న వేసింది, ఇది ఎంత వేడెక్కుతుందని. చివరికి అన్నిటికంటే ఎక్కువ వేడెక్కేదాన్ని, పైఅరలో మిగిలిపోయిన పాత రకాన్ని, వేలు పెట్టి చూపించింది.

"అది ప్రాసెసర్ కాదమ్మాయ్, పొయ్యి. ఇదిగో, ఈ కొత్తది చూడు. సగం కరెంటుతో దానికంటే జోరుగా పోతుంది."

"నాకు ఆ పొయ్యే కావాలి."

"ఎవరు చెప్పారు నీకు? ఇంటర్నెట్‌లో ఎవడో వాగుంటాడు."

"ఎవరూ చెప్పలేదు. మీవల్ల కాదంటే చెప్పండి, డనీడిన్ వెళ్తాను. దాన్ని రోజంతా పూర్తి జోరుమీద, ఆగకుండా నడిపించగల వాళ్లు అక్కడుంటారేమో."

గల్లాపెట్టె దగ్గర చీజ్ రోల్ తింటున్న ఫెర్గస్ భార్య ఐల్సాకి నవ్వు ఆగలేదు. "ఆయన్నేమీ అనకమ్మా. ఇన్నేళ్లూ చల్లబరచడం ఒక్కటే నేర్చుకున్నాడు పాపం."

ఫెర్గస్ చెవులు ఎర్రబడ్డాయి. నిచ్చెన వేసుకుని ఎక్కాడు. డబ్బా దించాడు, దుమ్ము ఊదాడు, పరీక్ష చేసే బల్లమీద ప్రాసెసర్ బిగించాడు. షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఫ్యాన్లు తెచ్చి దాని నెత్తిన పెట్టాడు.

వేగం పెంచాడు. బాగానే నడిచింది. ఇంకా పెంచాడు. తెర నీలంగా మారి ఆగిపోయింది. "నే చెప్పలా" అనబోయినవాడు ఐల్సా మొహం చూసి నోరు మూసుకున్నాడు. వేగం ఒక మెట్టు దించి, వోల్టేజి రవ్వంత పెంచి, మళ్లీ ఎక్కించాడు. మళ్లీ ఆగింది. చొక్కా చేతులు పైకి మడిచాడు. షాపులోకి ఎవరో వచ్చి ఏదో అడిగి, జవాబు రాక వెళ్లిపోయారు.

ఈసారి తెర నీలంగా మారలేదు. ప్రాసెసర్‌కి ఊపిరాడనంత పని అప్పజెప్పి, ఫెర్గస్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఐల్సా రెండో చీజ్ రోల్ తిని, టీ తాగి, కప్పు కడిగి వచ్చింది. అప్పటికీ అది అదే జోరుమీద, తడబాటు లేకుండా నడుస్తోంది.

"ఫ్యాన్లు గోల చేస్తాయా?" అంది హినేవాయ్. "అది ఉండేది పడగ్గదిలో."

"పెద్దవి వేసి మెల్లగా తిప్పుతాను. పిల్లి నడిచినంత చప్పుడు కూడా రాదు." ఫెర్గస్ భార్యవైపు తిరిగాడు. "ఒక ఫోటో తియ్యి ఐల్సా. ఈ పొయ్యిని ఇంత జోరుమీద ఇంతసేపు నిలబెట్టినవాడు న్యూజీలాండ్‌లో ఇంకొకడుంటే రమ్మను."

"తీస్తాలే, కాస్త పొట్ట లోపలికి పెట్టు," అంది ఐల్సా. కానీ ఆమె కళ్లు కూడా మెరుస్తున్నాయి.

హినేవాయ్ ఫ్యాను ముందు అరచెయ్యి పెట్టి చూసింది. గాలి వెచ్చగా తగిలింది. రెండో చెయ్యి కూడా పెట్టింది. "మీరు గొప్పవాళ్లే," అంది మనసారా.

ఆ మాటతో ఫెర్గస్ పూర్తిగా మెత్తబడ్డాడు. "కంప్యూటరంతా నేనే బిగించి, ఇంటికి తెచ్చి పెడతాను. ఇప్పుడైనా నిజం చెప్పు అమ్మాయ్. దీనిమీద ఏ ఆట ఆడతావు?"

"నాకు ఆటలు రావు. చలికి వణికిపోతోందని రెండు హీటర్లు కొనిస్తే, ఒకరి దగ్గర చెయ్యి చాచే ఖర్మ తనకి పట్టలేదని రెండూ తిప్పి పంపింది మా అమ్మమ్మ. 'నా కంప్యూటరుకి మా ఇంట్లో చోటు లేదు, నీ పడగ్గదిలో పెట్టుకోనిస్తావా, కరెంటు బిల్లు నాదే' అని బతిమాలితే మాత్రం, 'మనవరాలికి ఆమాత్రం సాయం చెయ్యకపోతే నేనేం అమ్మమ్మనే' అంది."