అతిథి మీట

పదకొండు గంటలకల్లా అంకెలు ఛానళ్లకు వెళ్లిపోవాలి. అప్పటిదాకా ఎవరు పలకరించినా ఎర్మెలిండా కస్సుమంటుంది.

నిన్న లిమా నగరం టీవీలో ఏం చూసిందో అందరికన్నా ముందు తెలిసేది ఆమెకే. కొన్ని వందల ఇళ్లలో టీవీ పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాని రిమోట్ మీద ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో మీట. టీవీ ముందు కూర్చుంటే నొక్కాలి, లేచిపోతే మళ్లీ నొక్కాలి. బయటివాళ్లు వస్తే అతిథి మీట నొక్కి, ఆడో మగో, వయసెంతో కొట్టాలి. ఆ ఇళ్లు ఎక్కడున్నాయన్నది గుట్టు. ఎర్మెలిండాకు కనిపించేవి ఒక్కో ఇంటికి ఆఫీసు ఇచ్చిన వరుస నంబర్లే. చిరునామాలు, ఫోన్ నంబర్లు పై అంతస్తులో, బీరువాలో, తాళం వేసి ఉంటాయి.

ఆమె పని తప్పులు ఏరడం. జనం చిత్రమైనవాళ్లు. ఒక ముసలావిడ తన చిలకను అతిథిగా లెక్క వేసింది. ఒక ఇంట్లో నూట పన్నెండేళ్ల పెద్దమనిషి కూర్చుని కార్టూన్లు చూశాడు. ఇలాంటివన్నీ బియ్యంలో రాళ్లలా ఏరి పారెయ్యాలి. పందొమ్మిదేళ్లుగా ఏరుతోంది, ఒక్క రాయి కూడా పంటికింద పడనివ్వలేదని ఆమెకు గర్వం.

సాయంత్రం అయిదింటి కార్యక్రమం లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె ఒక్కో అంకెనూ రెండేసి సార్లు చూస్తుంది. తప్పిపోయినవాళ్ల కోసం వేసే అరగంట కార్యక్రమం అది. చివర్లో ఫొటోలు చూపిస్తారు. అన్నిటికన్నా ఆఖరిది ఆమె కూతురు మిలూస్కాది. బడికని వెళ్లిన పిల్ల పదకొండు నెలలైనా తిరిగి రాలేదు. పోలీసులు అడగడం మానేశారు, చుట్టుపక్కలవాళ్లు మర్చిపోయారు. ఇక మిగిలింది ఆ ఫొటో, దాని కింద ఒక ఫోన్ నంబరు.

అది కూడా ఇవాళ్టితో తేలిపోతుంది. రెండు రేటింగ్ పాయింట్లు రాకపోతే కార్యక్రమం ఎత్తేస్తామని ఛానల్ వాళ్లు చెప్పేశారు. అదే సమయానికి పక్క ఛానల్లో వచ్చే డాన్సుల పోటీకి పదకొండు.

"ఒకటీ పాయింట్ తొంభై ఏడు!" పక్క కుర్చీలోని ఎదిల్బెర్తో తల పట్టుకున్నాడు. "వెంట్రుకవాసిలో పోయింది కదండీ, సెన్యొరా ఎర్మే!"

"చూశాన్లే."

"ఏడు వందల ముప్పై ఒకటో ఇంటి అతిథిని ఉంచెయ్యండి. రెండు దాటేస్తుంది."

ఆ ఇల్లు వాళ్లిద్దరికీ పాత తలనొప్పే. ఉండేది ఒక్కడే మగాడు, యాభై రెండేళ్లు. కానీ మూడు నెలలుగా సరిగ్గా అయిదింటికి అక్కడ అతిథి మీట పడుతోంది. ఆడ, పదహారు. ఆఖరి ఫొటో అవగానే మళ్లీ మీట. ఆదివారం కార్యక్రమం ఉండదు, అతిథీ ఉండదు. పై అంతస్తు వాళ్ల చేత ఫోన్ కలిపించి అడిగితే ఆయన నవ్వాడు. తన గడప ఎవరూ తొక్కరట, పిల్లి రిమోట్ మీద పడుకుంటుందట. ఎప్పుడో కొట్టిన వయసు పెట్టెలో ఉండిపోయి ఉంటుందని పై అధికారులు సరిపెట్టుకున్నారు. ఎర్మెలిండా రోజూ ఆ అతిథిని లెక్కలోంచి కొట్టేస్తోంది.

"పిల్లి అయితే ఏంటండీ?" ఎదిల్బెర్తో గొంతు తగ్గించాడు. "మన లెక్కలో ఒక్కరంటే నాలుగు వేలమంది. మీ అమ్మాయి ఫొటో ఇంకో మూడు నెలలు వస్తుంది. నేను కాఫీకి వెళ్తాను. నేనేం చూడలేదు."

ఎర్మెలిండా ఆ వరుస మీద వేలు పెట్టింది. ఉంచెయ్యాలని ప్రాణం కొట్టుకుంది. కిటికీ అవతల ఆగస్టు తుంపర ఊరంతటినీ బూడిద రంగు చేసి పెట్టింది.

"లేని మనిషిని ఉందని రాసి నా బిడ్డను వెతుక్కోమంటావా నాయనా? నావల్ల కాదు," అంది చివరికి. "అయినా ఇది చూడు. మొన్నటిదాకా పదహారు. నిన్న పదిహేడు పడింది. రెండు వయసులు పడితే పెట్టె చెడినట్టే. రూలు నీకూ తెలుసుగా."

ఆ వరుస కొట్టేసింది. ఆ ఇంటిని తీసెయ్యాల్సినవాటి జాబితాలోకి ఎక్కించింది.

 ఎదిల్బెర్తో ఆ ఇంటికి ఫోన్ కలిపించుకుని, పెట్టె తీసేస్తున్నామని చెప్పాడు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. పెట్టె తనే గేటు దాకా తెచ్చి ఇస్తానన్నాడు, లోపలికి ఎవరూ రానక్కర్లేదన్నాడు. తీసేసిన ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఆ రోజే నాశనం చెయ్యాలి. పెట్టె చేతికందిందన్న కబురు రాగానే పై అంతస్తులో కాగితాలు తురిమే యంత్రం గుర్రుమని ఆగిపోయింది.

పదకొండింటికి అంకెలు వెళ్లాయి. పావుగంటలో ఛానల్ నుంచి కబురు వచ్చింది. రేపటి నుంచి అయిదింటికి వంటల కార్యక్రమం.

ఎర్మెలిండా ఏడవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి ఎదిల్బెర్తో ముందుకు తోసింది. లోపల కేకు ముక్కలు. ఒకదాని మీద కొవ్వొత్తి మైనం గడ్డకట్టి ఉంది.

"తిను నాయనా. ఇంట్లో తినేవాళ్లు లేరు."

"కేకేంటండీ? ఏంటి విశేషం?"

"నిన్న మా మిలూస్కా పుట్టినరోజు," అంది ఆమె మైనాన్ని గోటితో గీకేస్తూ, "దానికి పదిహేడు నిండాయి."