ఆపిళ్ళు ఒలిచే ముసలమ్మ

జమీందార్ల భార్యల పట్టు గౌన్లు మెరిసేలా బొమ్మలు వేసి పతకాలు సంపాదించినవాడు ప్రొఫెసర్ కాస్పర్ ఎడెల్‌బాక్. వియన్నా చిత్రప్రదర్శనకు ఏ బొమ్మ పనికొస్తుందో తేల్చేవాళ్ళలో అతనిదే పెద్ద గొంతు. ఆ సాయంత్రం ఇంటికి రాగానే కాఫీ ముందు కూర్చుని భార్యకు ఆ రోజు సంగతులు చెప్పాడు.

"ఎవడో పల్లెటూరివాడు ఆపిళ్ళు ఒలిచే ముసలమ్మను వేసి పంపాడు, వాల్‌బుర్గా. అవి చేతులా, చెట్టు వేళ్ళా? వీడు గోడలకు సున్నం కొట్టుకోవడం మేలని అందరి ముందూ అన్నాను. గది గదంతా నవ్వింది."

వాల్‌బుర్గా నవ్వలేదు.

"ఆ ముసలమ్మ మా అమ్మ. ముప్పై ఏళ్ళ కిందట మా వంటింట్లో కూర్చుని వేసింది మీరే. అది చూసే మిమ్మల్ని చేసుకున్నాను. ఇన్నేళ్ళకైనా నలుగురూ చూస్తారని, బీరువా వెనక నుంచి తీసి, ఎవరిదో పేరు పెట్టి నేనే పంపాను."

అతను కాఫీ కప్పు అందుకున్నాడు.

"గౌన్లకు మెరుగులు దిద్దీ దిద్దీ కళ్ళు పోయినట్టున్నాయి మీకు," అంది ఆమె. "సొంత చేతి పనే గుర్తుపట్టలేని మనిషి, ఊళ్ళోవాళ్ళ బొమ్మలకు తీర్పులు చెబుతున్నాడు."

ఎడెల్‌బాక్ కప్పు కింద పెట్టాడు.

"పైనున్న గుడ్డ తియ్యగానే గుర్తుపట్టాను," అన్నాడు మెల్లగా. "దాన్ని ప్రదర్శనకు ఒప్పుకుంటే, ఈ ఏడాది నేను పెట్టిన గౌను బొమ్మ పక్కనే తగిలించేవాళ్ళు. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"