వినే మనిషి

“పుస్తకం చదివి మారిన మనిషిని ఒక్కణ్ణి చూపించు. ఆ రోజు తిరిగొస్తాను.”

వెళ్లేముందు భార్య అన్న మాట అది. సూట్‌కేసు పట్టుకుని వాళ్ల అన్నయ్య ఇంటికి వెళ్లిపోయింది. అప్పటినుంచీ పుస్తకాలాయన కొట్లో కూర్చుని అలాంటి మనిషి కోసం ఎదురు చూస్తున్నాడు.

ఆమెదీ తప్పనలేం. కొట్టు నిండా అవే పుస్తకాలు. కోపాన్ని జయించడం ఎలా, పెందలాడే లేవడం ఎలా, పదిమందికీ నచ్చడం ఎలా. ఆయనకి అన్నీ కంఠతా వచ్చు. ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండా మధ్యలో దూరే అలవాటు మాత్రం పోలేదు. భార్య “ఒంట్లో బాగో” అనేలోపే, “ఆరోగ్యం మన ఆలోచనలోనే ఉంటుంది” అని అందుకునేవాడు. ఎవరు మాత్రం ఎన్నాళ్లు భరిస్తారు?

అందుకే ఆ ఉదయం టైలరమ్మ చెప్పింది విని ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

ఆమెది పక్క వీధే. మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేస్తుంటుంది. భర్త బస్సు డిపోలో సూపర్‌వైజరు. ఆయన అరిస్తే డిపో గోడ అవతలకి కూడా వినపడుతుందని చెప్పుకుంటారు. ఇంట్లో అయితే అరుపులతో ఆగేవాడు కాదు. వెనక ఒకసారి ఆమె ఆయన కోసమే రెండు పుస్తకాలు కొనుక్కెళ్లింది. ఒకటి కోపం గురించి, రెండోది మౌనం గురించి. మర్నాడు కనుబొమ్మ మీద ప్లాస్టరుతో కనిపించింది.

“తలుపు తగిలిందా అమ్మా?”

“లేదు అన్నయ్యగారూ. మీ పుస్తకమే. అట్ట గట్టిది.”

ఆ తర్వాత చాలా నెలలు ఇటు రాలేదు. ఇప్పుడొచ్చింది. మొహం తేటపడింది. కాస్త ఒళ్లు కూడా చేసింది.

“ఇంకో పుస్తకం ఇవ్వండి అన్నయ్యగారూ. అవి రెండూ అయిపోవచ్చాయి. రోజూ నేనే ఆయనకి పైకి చదివి వినిపిస్తున్నాను.”

“ఆయన వింటున్నారా?”

“చక్కగా వింటారు. అరుపులు లేవు, విసుర్లు లేవు. సాయంత్రమైతే ఎటో పోయేవారు, ఇప్పుడు ఇల్లు కదలరు. ఏది పెడితే అది తింటారు. ఇన్నేళ్లుగా చెప్పాలనుకున్నవన్నీ కూర్చోబెట్టి చెప్పుకుంటున్నాను. మధ్యలో ఒక్క మాట అడ్డం రారు.”

పుస్తకాలాయన కుర్చీలోంచి లేచాడు. “నేనొచ్చి ఒకసారి చూస్తానమ్మా.”

టైలరమ్మ చేతికంటుకున్న దారప్పోగుని వేలికి చుట్టుకుంది. “రండి. కాకపోతే ఆయన మాట్లాడరు. పోయిన వేసవిలో ఆయనకి...”

“మౌన సాధన. రెండో పుస్తకం, నాలుగో అధ్యాయం. నాకు తెలియదా అమ్మా?”

ఆమె ఆయన వంక ఒక్క క్షణం చూసింది.

“సరే, అదే అనుకోండి” అంది.

సాయంత్రం కొత్త పుస్తకం కానుకగా పట్టుకుని వెళ్లాడు. మేడ మీద రెండు గదుల ఇల్లు. సూపర్‌వైజరు కుట్టుమిషను ఎదురుగా, కిటికీ పక్క వాలుకుర్చీలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, పాపిడి తీసి దువ్విన జుట్టు. పుస్తకాలాయన నమస్కారం పెట్టాడు. ఆయన లేవలేదు, తిరిగి పెట్టలేదు. పైపై మర్యాదలు మానుకోమని మూడో అధ్యాయంలో ఉంది. దాన్ని కూడా ఇంత నిష్ఠగా పాటించే మనిషిని పుస్తకాలాయన మొదటిసారి చూశాడు.

ఎదురుగా కూర్చుని తన గోడు మొదలుపెట్టాడు. భార్య వెళ్లిపోయిన సంగతి, పొద్దున్నే లేస్తే పలకరించే దిక్కులేని సంగతి, అన్నీ చెప్పాడు. సూపర్‌వైజరు రెప్ప కూడా సరిగ్గా వేయకుండా ఆయన కళ్లలోకే చూస్తూ విన్నాడు. తన మాట ఇంత శ్రద్ధగా విన్న మనిషి పుస్తకాలాయనకి ఈ జన్మలో తగల్లేదు. చెప్పేకొద్దీ గుండె బరువు దిగిపోయింది.

“ఇక వస్తానండీ” అని లేచేసరికి సూపర్‌వైజరు కళ్లు నిండాయి. ఒక చుక్క చెంప మీదుగా జారి చొక్కా మీద పడింది. తుడుచుకోలేదు కూడా. పరాయివాడి కష్టానికి ఇంతగా కరిగిపోతున్నాడంటే ఇక ఆ మనిషికి దణ్ణం పెట్టాల్సిందే. పుస్తకాలాయనకీ కళ్లు చెమర్చాయి.

టైలరమ్మ మిషను మీది గుడ్డముక్కతో భర్త చెంప మెల్లగా ఒత్తింది.

“ఎవరొచ్చినా ఇంతే అన్నయ్యగారూ. వాళ్లు లేచి వెళ్లిపోతుంటే మరీను.”

గడప దాటగానే పుస్తకాలాయన భార్యకి ఫోన్ చేశాడు.

“మారిన మనిషిని చూశాను. కళ్లారా చూశాను. నేనూ అలాగే మారతాను. నువ్వు చెబుతుంటే నోరెత్తితే అడుగు.”

అవతల చాలాసేపు మాట లేదు. ఆయన మధ్యలో దూరలేదు. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

“సరే” అంది ఆమె చివరికి. “రేపొస్తాను. నాకూ చూపించు.”

ఆనందంలో ఆయనకి బూట్ల లేసులు ముడి పడలేదు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఇంతలో భుజాన సంచీతో ఒకాయన ఆయన్ని తప్పుకుని పైకెక్కి తలుపు తట్టాడు. టైలరమ్మ బయటికొచ్చి, వెనక తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

“మీరింక రావద్దు బాబూ, మీరు చేయించే ఎక్సర్‌సైజులకి పక్షవాతం తగ్గి నోట మాట గానీ వచ్చిందంటే, ఈయన మళ్లీ మునుపటి మనిషైపోతారు.”